చేపకు టీకా వేసిన కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద వ్యాసం కావాలని సంపాదకులు అడిగారు. చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. నేను మాత్రం చేపల జబ్బుల చరిత్ర, వాటికి టీకాలు కనిపెట్టిన చరిత్ర రాస్తున్నాను. నేను డాక్టరును కాను, మత్స్యశాఖ మనిషిని అంతకన్నా కాను. ముప్పై అయిదేళ్ళు రిజిస్టర్లు రాసి రిటైరైన గుమాస్తాను. అయినా ఈ విషయం పట్టుకున్నానంటే కారణం రెండు అంకెలు.

1987లో నార్వే దేశంలో పెంపకపు చేపలకు వాడిన యాంటీబయాటిక్ మందులు సుమారు 48 టన్నులు. ఆ ఏడు అక్కడ పెంచిన సాల్మన్ చేపలు దాదాపు 50 వేల టన్నులు. అంటే టన్ను చేపకు ఇంచుమించు ఒక కిలో మందు. ఇప్పుడు ఆ దేశం ఏటా సుమారు 15 లక్షల టన్నుల సాల్మన్ పండిస్తున్నది. మందు మాత్రం 2015 నుంచి ఏ సంవత్సరమూ ఒక టన్ను దాటలేదు. పంట ముప్పై రెట్లు పెరిగింది, మందు యాభయ్యో వంతుకు పడిపోయింది. ఈ రెండు అంకెల నడుమ ఏం జరిగిందో చెప్పడమే నా ప్రయత్నం.

సెగగడ్డల జబ్బు

చెరువులో గాని, సముద్రంలో కట్టిన వల పంజరంలో గాని చేపల్ని పెంచడమంటే వేల చేపల్ని ఒకచోట కిక్కిరిసి ఉంచడమే. హాస్టల్లో ఒక పిల్లవాడికి కళ్ళకలక వస్తే వారంలో అందరికీ వచ్చినట్టు, అక్కడ ఒక చేపకు వచ్చిన జబ్బు అన్నింటికీ పాకుతుంది. ఏటిలో స్వేచ్ఛగా తిరిగే చేపకు ఈ బెడద తక్కువ.

అటువంటి జబ్బుల్లో పేరు మోసినది ఫ్యూరంక్యులోసిస్. మన భాషలో సెగగడ్డల జబ్బు అనవచ్చు. చేప కండలో గడ్డలు లేచి, చీము పట్టి పగులుతాయి. జబ్బు తీవ్రంగా ఉంటే గడ్డ లేవక ముందే క్రిమి రక్తంలో చేరి చేప చచ్చిపోతుంది. దీనిని 1894లో ఎమ్మెరిక్, వైబెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు జర్మనీలోని ఒక ట్రౌట్ చేపపిల్లల కేంద్రంలో మొదట గుర్తించి వర్ణించారు. కారణం ఏరోమోనాస్ సాల్మొనిసిడా అనే బాక్టీరియా. బ్రిటన్‌లో నదుల్లోకి కూడా పాకేసరికి ప్రభుత్వం దీనికోసమే ఒక కమిటీని వేసింది. తర్వాత 1937లో చేపల జబ్బుల చట్టం కూడా చేశారు.

దీనికి టీకా ప్రయత్నం 1942లోనే జరిగింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో డఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ క్రిములను క్లోరోఫారంతో చంపి, మేతలో కలిపి చాలా రోజులు ట్రౌట్ చేపలకు తినిపించాడు. ఆ తర్వాత వాటికి బతికి ఉన్న క్రిమిని సోకించి చూశాడు. టీకా తిన్న చేపల్లో చావులు తగ్గాయి. చేపకు కూడా మనిషికి మల్లే రోగాన్ని గుర్తుపెట్టుకొని ఎదిరించే శక్తి ఉందని దానితో రుజువైంది.

మరి ఆ పని అక్కడే ఎందుకు ఆగిపోయింది? సులువైన దారి దొరికింది గనుక. అవి సల్ఫా మందుల రోజులు. 1946లో గట్సెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు సల్ఫా మందును మేతలో కలిపి పెడితే సెగగడ్డల జబ్బు నయమవుతుందని చూపించాడు. వెంట యాంటీబయాటిక్కులు వచ్చాయి. జబ్బు వచ్చాక మందు పెడితే పోతున్నప్పుడు, రాకముందే ఖర్చు పెట్టడం ఎవరికి పడుతుంది? డఫ్ గారి పనిని కట్ట కట్టి రికార్డు రూముకు పంపినట్టయింది. ముప్పై ఏళ్ళు అది అక్కడే ఉండిపోయింది.

ఉప్పునీటి స్నానం

కట్ట మళ్ళీ విప్పినది అమెరికాలో. ఐడహో రాష్ట్రంలో హేగర్‌మన్ లోయ అని ఉంది. అక్కడి ఊట నీళ్ళలో రెయిన్‌బో ట్రౌట్ అనే చేపను విరివిగా పెంచుతారు. 1950లలో అక్కడ ఒక కొత్త జబ్బు కనబడింది. చేప నోటి చుట్టూ, మొప్పల దగ్గర రక్తం పేరుకొని ఎర్రబడి చస్తుంది. ఎర్రనోటి జబ్బు అని పేరు పెట్టారు. ఆ బాక్టీరియాకు తర్వాత రకర్ అనే చేపల వైద్య శాస్త్రజ్ఞుడి గౌరవార్థం యెర్సీనియా రకెరి అని పేరు వచ్చింది.

దీనికి టీకా తయారుచేయడం కష్టం కాలేదు. చంపిన క్రిములే టీకా. చిక్కంతా వేయడంలో ఉంది. వేలెడు లేని చేపపిల్లలు లక్షల్లో ఉంటే ఒక్కొక్కదానికి సూది ఎవరు పొడవగలరు? 1976లో ఆమెండ్, ఫెండర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రకటించారు. చేపను గాఢమైన ఉప్పు ద్రావణంలో ఉంచితే నీటిలో కలిపిన ప్రొటీను దాని శరీరంలోకి వెళుతుందని చూపించారు. అంటే సూది లేకుండా ముంచి టీకా వేయవచ్చునన్నమాట. తర్వాత ఉప్పు కూడా అక్కర్లేదని, టీకా కలిపిన నీళ్ళలో కొద్దిసేపు ముంచి తీస్తే చాలునని తేలింది. అదే 1976లో ఎర్రనోటి జబ్బు టీకాకు అమెరికాలో లైసెన్సు ఇచ్చారు. వ్యాపారం కోసం చేసిన చేపల టీకాల్లో అదే మొదటిది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. చేప చల్లని రక్తం గల జీవి. నీరు ఎంత చల్లగా ఉంటే టీకా అంత నెమ్మదిగా పనిచేస్తుంది. అందుచేత నీటి ఉష్ణోగ్రతను రోజులతో గుణించి లెక్క వేస్తారు. ఆ లబ్ధం 400, 500 మధ్యకు రావాలి. పది డిగ్రీల నీటిలో నలభై నుంచి యాభై రోజులు పడుతుందన్నమాట. అది నిండక ముందే చేపను సముద్రంలో వదిలితే టీకా వేసినా ఫలితం ఉండదు.

హిట్రా దీవి

ఇక నార్వే సంగతికి వద్దాం. ఆ దేశపు పడమటి తీరంలో హిట్రా అనే దీవి ఉంది. 1970లో అక్కడ గ్రోన్‌ట్వెడ్ట్ అనే అన్నదమ్ములు సముద్రంలో వల పంజరం కట్టి ఇరవై వేల సాల్మన్ పిల్లల్ని వదిలి పెంచారు. ఆ ప్రయత్నం ఫలించింది. చూసినవాళ్ళంతా అదే బాట పట్టారు.

సరిగ్గా ఆ దీవి చుట్టుపట్లే 1979లో ఒక జబ్బు మొదలైంది. చలికాలంలో వచ్చేది. చేపలు రక్తస్రావంతో గుట్టలుగా చచ్చేవి. దీవి పేరు మీద హిట్రా జబ్బు అన్నారు. దీనికి కారణం ఏమిటన్న దాని మీద ఏళ్ళ తరబడి వాదోపవాదాలు జరిగాయి. మేతలో ఏదో లోపమని కొందరు, కాదు, క్రిమి అని కొందరు. చివరకు 1986లో ఎమ్మి ఎగీడియస్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు ఆ క్రిమిని వర్ణించి విబ్రియో సాల్మొనిసిడా అని పేరు పెట్టారు. శత్రువు పేరు తెలియనిదే టీకా లేదు. ఆ పేరు తేలేవరకు రైతుకు దిక్కు మందు మేత ఒక్కటే. 1987లో 48 టన్నులు అయింది ఇందుకే.

మందు మేతలో ఉన్న లోపం కూడా చెప్పాలి. జబ్బు పడ్డ చేప ముందుగా మానేసేది తిండి. కాబట్టి మందు అవసరమైన చేప దాన్ని తినదు, అవసరం లేనిది తింటుంది. మిగిలినది అడుగున బురదలో చేరుతుంది. అక్కడి క్రిములు ఆ మందుకు అలవాటు పడి మొండికేస్తాయి. నార్వేలో వాడిన వాటిలో ఆక్సీటెట్రాసైక్లిన్ ఉంది, సల్ఫా మందులు ఉన్నాయి. మన డాక్టర్లు మనకు రాసిచ్చిన మందులూ ఆ కుటుంబాలవే.

చిట్టా చూడండి

నార్వేలో అర్హత గలవారు రాసిన చీటీ లేనిదే చేపలకు మందు ఇవ్వరాదు. ఆ చీటీ నకలు ప్రభుత్వానికి చేరాలి. అందువల్ల ఏ సంవత్సరం ఎంత మందు వాడారో అణా పైసలతో సహా లెక్క ఉంది. ఈ వరస చూడండి. అంకెలు సుమారు.

1987లో 48 టన్నులు.
1989లో 19 టన్నులు.
1990లో 37 టన్నులు.
1992లో 27 టన్నులు.
1993లో 6 టన్నులు.
1994లో 1.4 టన్నులు.

లెక్కల్లో చెయ్యి తిరిగిన మన సభ్యులకు ఇది చూడగానే ఒక అనుమానం రావాలి. 19కి దిగినది మళ్ళీ 37కి ఎందుకు ఎక్కింది?

మొదటిసారి దిగడానికి కారణం హిట్రా జబ్బు టీకా. 1980ల చివరలో అది రైతుల చేతికి వచ్చింది, బాగా పనిచేసింది. మళ్ళీ ఎక్కడానికి కారణం మనం మొదట చెప్పుకున్న సెగగడ్డల జబ్బు. 1985లో స్కాట్లండ్ నుంచి తెచ్చిన సాల్మన్ పిల్లలతో పాటు అది నార్వేకు వచ్చింది. తుపాన్లకు వలలు తెగి తప్పించుకున్న చేపలు దాన్ని తీరమంతా మోశాయి. 1992 నాటికి 550 పెంపకపు కేంద్రాలకు పాకింది, నదుల్లోకీ ఎక్కింది. హిట్రా టీకా ఈ క్రిమిని ఆపదు. ఒక తాళానికి చేసిన చెవి ఇంకో తాళానికి పట్టదు గదా.

పాత పద్ధతిలో క్రిములను చంపి నీటిలో కలిపి ఇచ్చిన టీకా ఈ జబ్బుకు చాలలేదు. అప్పుడు టీకాను నూనెలో చిలికి ఇచ్చారు. నూనె వల్ల టీకా ఒంట్లో నెమ్మదిగా, చాలాకాలం పనిచేస్తుంది. అయితే నూనె టీకాను ముంచి వేయడం కుదరదు. సూదితో పొట్టలోకి ఎక్కించాలి. ఒక్కొక్క చేపకూ!

ఇది అయ్యే పనేనా అని ఎవరికైనా అనిపిస్తుంది. వాళ్ళు చేసి చూపించారు. సముద్రంలో వదలడానికి ముందు, చేప ఇంకా మంచినీటి తొట్టిలో, చేతిలో ఇమిడేంత ఉన్నప్పుడు, మత్తు నీళ్ళలో ఉంచుతారు. మత్తెక్కిన చేపను బల్ల మీద పెట్టి పొట్ట కింద ఒక పోటు పొడిచి వదులుతారు. మోతాదు ఒక మిల్లీలీటరులో పదో వంతు. అలవాటు పడ్డ పనివాళ్ళు గంటకు వేయికి పైగా వేస్తారు. తర్వాత కాలంలో ఇందుకు యంత్రాలు కూడా వచ్చాయి. ఒక్క పోటులో నాలుగైదు జబ్బులకు టీకా కలిపి వేయడం నేర్చుకున్నారు. చేప పెరిగి కోతకు వచ్చేదాకా, అంటే సముద్రంలో ఉండే ఏడాదిన్నర, రెండేళ్ళ పాటు, ఆ ఒక్క పోటే కాపలా. 1992 తర్వాత రెండేళ్ళలో 27 టన్నులు ఒకటిన్నరకు దిగడం వెనక ఉన్నది ఈ సూదే.

టీకా ఒక్కదానిదే ఘనత అంటే అది పొరపాటు. పంజరాల మధ్య దూరం పెంచారు. ఒక ఈడు చేపల్ని ఇంకో ఈడు చేపలతో కలపకుండా విడిగా పెంచారు. ఒక పంట తీశాక ఆ చోటును కొన్నాళ్ళు ఖాళీగా వదిలారు. మన రైతు పొలాన్ని బీడు పెట్టినట్టన్నమాట. టీకాకూ లోపాలు లేకపోలేదు. నూనె టీకా వల్ల చేప పొట్టలో పేగులు అతుక్కోవడం, మచ్చలు పడడం, కొన్నిటి ఎదుగుదల తగ్గడం జరిగాయి. చలికాలపు పుండ్ల జబ్బు ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. సముద్రపు పేనుకు టీకా పనిచేయదు, దానితో నార్వే నేటికీ అవస్థ పడుతున్నది.

టీకా ఓడిన చోటు

ఒక పక్కే చెబితే చరిత్ర కాదు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశం సాల్మన్ పెంపకంలో నార్వే తర్వాతది. అక్కడ 1989లో ప్యూర్టో మాంట్ అనే రేవు ప్రాంతంలో ఒక జబ్బు బయలుదేరింది. దాని బాక్టీరియా పేరు పిసిరికెట్సియా సాల్మోనిస్. అది చేప రక్తంలో ఊరికే తిరగదు, శరీర కణం లోపల దూరి దాక్కుంటుంది. టీకా వల్ల ఒంట్లో పుట్టే రక్షక పదార్థాలు ఇంటి బయట కాపలా కాయగలవు గాని, లోపల నక్కిన దొంగను పట్టడం వాటికి కష్టం. ఎన్నో టీకాలు వచ్చినా నార్వేలో దొరికిన ఫలితం అక్కడ దొరకలేదు. 2014లో చిలీ వాడిన యాంటీబయాటిక్కులు 560 టన్నులకు పైమాటే. తర్వాత తగ్గినా లెక్క ఇంకా వందల టన్నుల్లోనే ఉంది. ఈ అంకెల్ని కూడా అక్కడి ప్రభుత్వమే ఏటా ప్రకటిస్తుంది. దాచలేదు, అది మెచ్చుకోవలసిన సంగతి.

మన చెరువుల మాట

ఇదంతా చలిదేశాల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. కొల్లేరు చుట్టూ, కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు ఎటు చూసినా చెరువులే. మన సభ్యుల్లో ఎంతోమంది పిల్లలు, బంధువులు ఆ చెరువుల మీద బతుకుతున్నారు. మా మేనల్లుడూ వాళ్ళలో ఒకడు. నార్వే కథ వాడికి చెబితే వాడు చెప్పిన జవాబు ఇక్కడ రాయదగినది.

"మామయ్యా, వాళ్ళ చేప కిలో వేలల్లో పలుకుతుంది. మన శీలావతి నూట చిల్లర. ఒక్కోదాన్నీ పట్టుకొని సూది పొడిస్తే కూలి ఖర్చు కూడా రాదు."

"పిల్లల్ని చెరువులో వదిలేనాడు ఎలాగూ లెక్కపెట్టి వదులుతావు కదరా. ఆనాడే మందు నీళ్ళలో ముంచి వదలవచ్చుగా?"

"ముంచుతాను. ముంచడానికి టీకా ఏదీ?"

వాడి ప్రశ్నలోనే అసలు చిక్కు ఉంది. మన బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలకు వచ్చే బాక్టీరియా జబ్బుల్లో ముఖ్యమైనది ఏరోమోనాస్ హైడ్రోఫిలా వల్ల వచ్చేది. ఒళ్ళు ఎర్రబడి, పొట్ట ఉబ్బి, పుండ్లు పడతాయి. ఈ క్రిమిలో రకాలు లెక్కకు మిక్కిలి. ఒక చెరువులో క్రిమికి చేసిన టీకా పక్క చెరువులో క్రిమిని ఆపుతుందన్న నమ్మకం లేదు. మేతలో కలిపి పెట్టే టీకా అయితే సులువే గాని, చేప పేగుల్లో అది అరిగిపోకుండా చూడాలి. మన దగ్గర తవుడు సంచులకు కన్నాలు పెట్టి గెడలకు కట్టి మేపుతారు. ఏ చేప ఎంత తిన్నదో చెప్పేదెవరు?

ఇంకొక సంగతి. చేపల ఒంటి మీద పుండ్లు పడే జబ్బు ఒకటి 1988లో మన దేశంలోకి వచ్చింది. చేప తినడానికే జనం భయపడిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. చూడటానికి బాక్టీరియా జబ్బులాగే ఉన్నా దాని మూలం బూజు వంటి జీవి అని తేలింది. అటువంటి జబ్బుకు బాక్టీరియా టీకా వేస్తే ఏం లాభం? హిట్రాలో లాగే ఇక్కడా ముందు జబ్బు పేరు తెలియాలి.

ఆశ లేకపోలేదు. హైదరాబాదులో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కంపెనీ పశువుల టీకాలకు పేరున్నది. ఆ కంపెనీ 2022లో ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యాసంస్థతో ఒప్పందం చేసుకుంది. మంచినీటి చేపలకు వచ్చే కాలమ్నారిస్, ఎడ్వర్డ్‌సియెల్లోసిస్ అనే రెండు బాక్టీరియా జబ్బులకు టీకాలు తయారుచేయడం దాని ఉద్దేశం. ఒప్పందం కాగితం మీద నుంచి చెరువు గట్టుకు రావడానికి కాలం పడుతుంది. డఫ్ గారి ప్రయోగం నుంచి అమెరికా లైసెన్సుకు ముప్పై నాలుగేళ్ళు పట్టింది. మనకు అంత పట్టకూడదని కోరుకుందాం.

ఈ విషయం పెన్షనర్లకు ఎందుకు ముఖ్యమో ఒక మాట. ఈ వయసులో మనకు నిమోనియా వచ్చినా, మూత్రంలో చీము చేరినా దిక్కు ఆ యాంటీబయాటిక్కే. అది చెరువుల్లోనూ కోళ్ళ ఫారాల్లోనూ ఇష్టం వచ్చినట్టు వాడి క్రిముల్ని మొండి చేస్తే, మన మంచం దగ్గర డాక్టరు చేతిలో అది పనిచేయక పోవచ్చు. ఒక చేపకు వేసే టీకా ఆ లెక్కన మనకు కూడా కొంత కాపలా.

చివరిగా, నార్వే వాళ్ళ దగ్గర నేర్చుకోవలసిన వాటిలో సూది ఒక్కటే లేదు. ఏ మందు, ఎంత, ఎవరు రాశారు, ఏ చేపకు అని ప్రతి చీటీకి నకలు పెట్టిన గుమాస్తాలు అక్కడ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండవు. వాళ్ళు ఆ లెక్క రాయకపోతే 48 అన్న అంకె లేదు, 1.4 అన్న అంకె లేదు. టీకా పనిచేసిందని ఎవరూ రుజువు చేయలేకపోయేవారు. అటువంటి చిట్టా మన చెరువులకూ ఉండాలి, ఏటా అచ్చు కావాలి. చేపల చెరువులున్న మన పిల్లలకు ఈ మాట చెప్పండి. మందు సంచి విప్పే ముందు తేదీ, పేరు, తూకం ఒక పుస్తకంలో రాయమనండి. అందుకు అయ్యే ఖర్చు ఒక నోటుబుక్కు, ఒక పెన్ను.